గొడుగు వీర్రాజు దగ్గరుంది

మాలక్ష్మమ్మను ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ ముందు చెప్పులు వేసుకుంటుంది. జవాబు నడుస్తుండగా దొరకాలి, లేకపోతే లేదు. తునిలో రైల్వే గేటు అవతల ఉన్న హిజ్రాల ఇంటికి ఆవిడే గురువు. శిష్యులంతా అమ్మా అనే పిలుస్తారు. వాళ్ళలో అందరికంటే చిన్నది హిమజ, స్టేషన్ దగ్గర ఒక టైలరు షాపులో జాకెట్లు కుడుతుంది. ఆ పని కోసం ఎన్ని షాపుల మెట్లు ఎక్కి దిగిందో ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ రోజు హిమజ చెంప వాచి ఉంది. ముందురోజు సాయంత్రం పని నుంచి వస్తుంటే రైసుమిల్లు గోడ దగ్గర బైకు మీద ఇద్దరు కుర్రాళ్ళు అడ్డం వచ్చారు. నోటితో చెప్పలేని మాట అని, చున్నీ లాగి, కొట్టారు. దారినపోయేవాళ్ళు చూశారు. చూసి, పోయారు.

"అమ్మా, రేపట్నుంచి కారం పొట్లం పట్టుకెళ్ళనా, కత్తెర పట్టుకెళ్ళనా? చేతిలో ఏది ఉంటే మంచిది?" అని అడిగింది హిమజ. "ఏదీ కాదంటే చెప్పు, పని మానేస్తాను."

మాలక్ష్మమ్మ చెప్పులు వేసుకుంది. ఒక గొడుగు, ఒక ఖాళీ గిన్నె, ఒక నలిగిన చీర తీసుకుని, పిల్లను వెంటబెట్టుకుని బజారుకు బయల్దేరింది. స్టేషన్ దాకా వెళ్ళి, హిమజ ఇంటికొచ్చే దారినే వెనక్కి వస్తూ, చీర ఇస్త్రీ బండి మీద పెట్టింది. గిన్నె తమలపాకులమ్మే అప్పలకొండ బుట్ట పక్కన పెట్టింది. మిల్లు గోడ దాటాక, గొడుగు టీ కొట్టు వీర్రాజు చేతికిచ్చింది. అందరితోనూ ఒకటే మాట.

"ఇది మా హిమజ. సాయంత్రం పని నుంచి వస్తూ పట్టుకెళ్తుంది. వేళకి రాకపోతే ఎక్కడుందో కాస్త చూడండి."

"ఇది టీ కొట్టనుకున్నావా, సామాన్ల గదనుకున్నావా?" అన్నాడు వీర్రాజు.

"టీ కొట్టే నాయనా. రెండు టీలు పొయ్యి."

హిమజకు ఒళ్ళు మండింది. ఆయుధం అడిగితే అమ్మ చాకిరీ అంటగట్టింది. కానీ గురువు మాట తీసెయ్యడం ఆ ఇంట్లో లేదు. రోజూ పొద్దున్న ఇచ్చి వెళ్ళేది, సాయంత్రం అడిగి తీసుకునేది.

"ఈ గిన్నెలో ఏవుందే?" అంది అప్పలకొండ మొదట్లో.

"ఏమీ లేదు పిన్నీ."

"ఏమీ లేని గిన్నెకి నేను కాపలానా!"

అలా అన్న మనిషే కొన్నాళ్ళకు, ఉత్త గిన్నె ఇవ్వడానికి మనసొప్పక, మాలక్ష్మమ్మకని నాలుగు ఆకులు వేసి ఇవ్వడం మొదలుపెట్టింది. కాస్త ఆలస్యమైతే వీర్రాజు కేకలేసేవాడు.

ఒక శుక్రవారం సాయంత్రం ఆ బైకు మళ్ళీ వచ్చింది. అదే గోడ. హిమజ ఒక చేతిలో ఇస్త్రీ చీర, ఇంకో చేతిలో గిన్నె. ఒకడు ఆమె భుజం పట్టుకున్నాడు.

"ఏమ్మా హిమజా! నీ గొడుగు నేను మోసుకురావాలా? కొట్టు కట్టేసుకోవద్దా?"

వీర్రాజు. రావలసిన పిల్ల ఇంకా రాలేదేమని రోడ్డు మీదకు చూసి, గొణుక్కుంటూ గొడుగుతో వస్తున్నాడు. దగ్గరకొచ్చాక గొణుగుడు ఆగిపోయింది. "చెయ్యి తియ్యి," అన్నాడు.

అటువైపు నుంచి అప్పలకొండ కూడా తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చేసింది. "ఎవరబ్బాయివి బాబూ నువ్వు? మీ నాన్న పేరేంటి? చెప్పు, సిగ్గేంటి?"

తునిలాంటి ఊళ్ళో ఆ ప్రశ్నకు నలుగురిలో జవాబు చెప్పుకోవాలని ఏ కుర్రాడికీ ఉండదు. చెయ్యి భుజం మీంచి లేచింది. ఆ వెనకే ఇస్త్రీ బండి ఆయన, పెట్టె కింద పెట్టడం మరిచిపోయి, పొగలు కక్కుతున్న దాన్ని పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. కుర్రాళ్ళు బైకెక్కారు. బైకు కదల్లేదు. ఎంత తన్నినా కదల్లేదు.

"తొయ్యమంటావా?" అన్నాడు వీర్రాజు.

ఎవరో నవ్వారు. కుర్రాళ్ళు దాన్ని నెట్టుకుంటూనే మలుపు తిరిగారు. హిమజ ఆ గోడకే ఆనుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

ఇల్లు చేరేసరికి మాలక్ష్మమ్మ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. జరిగినదంతా విన్నది. గిన్నెలో ఆకులు తీసింది, చీర మడత చూసింది.

"కారం పొట్లం వద్దులే అమ్మా," అంది హిమజ.

"గొడుగేదే?"

హిమజ నాలుక కరుచుకుంది. హడావిడిలో అది వీర్రాజు చేతిలోనే ఉండిపోయింది. "ఇప్పుడే వెళ్ళి తెస్తాను."

"ఉండనీ," అంది మాలక్ష్మమ్మ, చెప్పులు విప్పి గుమ్మం పక్కకు జరుపుతూ. "రేపు నీకోసం రోడ్డు చూడ్డానికి అతనికీ ఓ సాకు కావాలి కదా."