వాగులో తెల్లరాళ్ళు

గోడ కూలలేదు. విశాఖుడికి అంతుపట్టనిది అదే.

కృష్ణానది ఒడ్డున ఒక బోడికొండ. ఆ కొండ నడుముకు ఆనుకుని చిన్న బౌద్ధవిహారం. వానాకాలంలో కొండమీది నీళ్ళన్నీ ఒక్క వాగుగా కలిసి, ఎర్రమట్టిని తోడుకుని విహారం మీదికి దూకేవి. వేసవి వచ్చేసరికి బావిలో చుక్క ఉండేది కాదు. భిక్షువులు పాత్రలు పట్టుకుని నది అవతలి విహారానికి వెళ్ళి తలదాచుకునేవాళ్ళు. విహారం బాగోగులు చూసే పుష్యుడు విసిగిపోయి, ఈ కొండను ఇక వదిలేద్దామని అందరితో అనడం మొదలుపెట్టాడు.

అప్పుడు విశాఖుడు ముందుకొచ్చాడు. కాషాయం కట్టకముందు అతను పేరున్న శిల్పి. వాగుకు అడ్డంగా గోడ కడతానన్నాడు. ఉత్త గోడ కాదు, జనం పడవలెక్కి వచ్చి చూసి వెళ్ళే గోడ.

రాయి రేవతి ఇచ్చింది. భర్త పోయాక ఓడ వ్యాపారాన్ని ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి ఆమె. ఒక్కగానొక్క కూతురు ఉత్పల జ్వరం వచ్చి చిన్నవయసులోనే పోయింది. ఆ పిల్ల పేరున తెల్లరాతి పలకలు బళ్ళమీద పంపించింది. మా అమ్మాయి రూపం ఒక్కచోట చెక్కండి, తిరిగొచ్చినప్పుడు చూసుకుంటాను అని మాత్రం అడిగి, సముద్రం దాటి వెళ్ళిపోయింది.

విశాఖుడి గురువు ధర్మనంది. పెద్ద వయసు, తక్కువ మాట. గోడ కడతానంటే కట్టమన్నాడు. పని జరుగుతున్నన్నాళ్ళూ రోజూ వచ్చి ఒక పక్కన కూర్చునేవాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

గోడ లేచింది. ఏనుగుల బారు, అల్లుకున్న తీగలు, చిలకలు, లేళ్ళు. ఆ కొండమీద ఎన్నడూ లేని అడవంతా ఆ గోడమీద ఉంది. నడిమధ్య ఉత్పల, లేడిపిల్ల మెడమీద చెయ్యేసుకుని కూర్చుంది. ఆమె కూర్చున్న పలకకు కింద, నేలకు దగ్గరగా, విచ్చుకున్న పెద్ద పద్మం. విహారంలో అందరూ వచ్చి చూశారు. పుష్యుడు కూడా ఆ కొన్నాళ్ళు కొండ వదిలేసే మాట ఎత్తలేదు.

తర్వాత వానలు పడ్డాయి.

నీళ్ళు గోడదాకా వచ్చి ఆగాయి. పెరిగాయి. పెరిగి పెరిగి, గోడ చివర ఎక్కడుందో వెతుక్కుని, అక్కడి గట్టును కోసుకుని పక్కగా దూకాయి. ఎప్పుడూ నీళ్ళు రాని వైపునుంచి వచ్చి ఒక కుటీరాన్ని ఊడ్చుకుపోయాయి. అందులో ఉండే భిక్షువు భోజనశాలలో ఉండబట్టి బతికాడు.

వాన కాస్త తెరిపివ్వగానే విశాఖుడు గురువు దగ్గరికి వెళ్ళాడు. ఒళ్ళంతా బురద, ముఖంలో రోషం.

"ఒక్క రాయి కదల్లేదు ఆచార్యా. నేను కట్టినదాంట్లో లోపం లేదు. గోడను ఇంకా పొడుగ్గా, ఇంకా ఎత్తుగా కడతాను. కాదంటే, తప్పెక్కడ ఉందో మీరే చెప్పండి."

ధర్మనంది లేచి గోడదగ్గరికి నడిచాడు. విశాఖుడు వెంట వెళ్ళాడు. గోడ వెనక నీళ్ళు ఇంకా నిండుగానే ఉన్నాయి.

"నీ ఉలి, సుత్తి ఇలా ఇవ్వు" అన్నాడు గురువు.

ఆయన ఉలి పట్టగా విశాఖుడు ఎప్పుడూ చూడలేదు. ఆ పట్టుకోవడం కూడా తప్పుగానే పట్టుకున్నాడు. గోడముందు చతికిలబడి, పద్మం నడిమధ్య గుండ్రటి దుద్దు మీద ఉలి మొన ఆనించి కొట్టడం మొదలుపెట్టాడు. దెబ్బ దెబ్బకూ పెచ్చులు రాలాయి. విశాఖుడు ఆపుదామని చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి రాయి తొలిచిపోయి, బెజ్జంలోంచి ఎర్రనీళ్ళు ధారకట్టి ముసలాయన ఒళ్ళంతా తడిపేశాయి.

"ఎందుకు పగలగొట్టారు?" అని అడిగాడు విశాఖుడు.

"ఏమవుతుందో చూద్దామని" అన్నాడు ధర్మనంది.

అన్నాక నిజంగానే చూస్తూ కూర్చున్నాడు. ధార నేలను తాకిన చోట గుంట పడింది. గుంట దాటాక నీళ్ళు విసనకర్రలా విచ్చుకుని నెమ్మదించాయి. నెమ్మదించిన చోట ముందు ఇసుక, ఇంకాస్త అవతల మెత్తటి ఒండ్రు పేరుకున్నాయి. ఆయన ఆ ఒండ్రులో వేలు గుచ్చి ఎంత లోతుందో చూశాడు. ఒక రాయి తెచ్చి ధారకు అడ్డం పెట్టాడు. రాయి వెనక ఇంకాస్త ఒండ్రు ఆగింది. రాయిని కొంచెం జరిపాడు. ఇంకో రకంగా ఆగింది.

విశాఖుడు కోపంతో చాలాసేపు నిలబడే ఉన్నాడు. కానీ కళ్ళు శిల్పివి. ఆకారం మారుతుంటే చూడకుండా ఉండలేవు. చివరికి తనూ కూర్చుని, గురువు పెట్టిన రాయికి దిగువన మరో రాయి పెట్టాడు. ధర్మనంది కొంచెం వంగి అది చూశాడు.

ఆ వానాకాలమంతా విశాఖుడు వాన కురిసినప్పుడల్లా కొండెక్కేవాడు. తలమీద తాటాకు గొడుగు, చేతిలో కర్ర. నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలుసుకోవాలని ఒక్కో పాయనూ పట్టుకుని పైకి వెళ్ళేవాడు. విహారం దగ్గర ఏనుగులాగా వచ్చే వాగు, కొండ కొసన వేలెడు మందం లేదు. అక్కడ అరచెయ్యి అడ్డం పెడితే ఆగుతోంది. ఈ సంగతి చెప్పడానికి అతను తడిసిన బట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. గురువు విని, మరి అక్కడ ఆగాక ఎటు వెళ్తోందని అడిగాడు. విశాఖుడికి తెలియలేదు. మళ్ళీ కొండెక్కాడు.

పైన వాగు పుట్టేచోట, అది మలుపు తిరిగేచోట, రెండు పాయలు కలిసేచోట చిన్న చిన్న అడ్డుకట్టలు వేయాలని అతనికి తోచింది. కొండమీది గుండురాళ్ళతో ప్రయత్నించాడు. మొదటి జోరువానకే అవి దొర్లిపోయాయి. అక్కడ నిలవాలంటే బల్లపరుపు రాళ్ళు కావాలి. నేలలోకి సగందాకా దిగి పట్టుకునేవి కావాలి.

అలాంటి రాళ్ళు ఆ కొండమీద ఒక్కచోటే ఉన్నాయి.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం విశాఖుడు తన గోడను తనే విప్పడం మొదలుపెట్టాడు. పుష్యుడు పరుగున వచ్చి, మతిపోయిందా అని అడ్డుపడ్డాడు. ధర్మనంది మాత్రం వచ్చి పలకకు ఒక కొస పట్టుకున్నాడు. అది చూసి పుష్యుడు అడ్డు తొలిగాడు. మర్నాటినుంచి తనూ మోశాడు.

ముందు నున్నటి పలకలు వెళ్ళాయి. తర్వాత తీగలు చెక్కినవి. తర్వాత చిలకలు, లేళ్ళు, ఏనుగులు. వాగు పొడవునా, ఎక్కడ ఏ పలక ఒదుగుతుందో విశాఖుడు గంటలకొద్దీ నేలను తడిమి చూసి పాతించాడు. ఏనుగుల బారు వాగులో మోకాలిలోతున నిలబడినట్టుంది. విప్పుతున్నంతసేపూ అతనికి బాధ కలగలేదు. ఈ పలక అక్కడ పెడితే ఏమవుతుంది అన్న ఆలోచనే.

చివరికి ఒకే పలక మిగిలింది. ఉత్పల.

వాగు ఇరుకైన చోటు ఒకటి మిగిలి ఉంది. అక్కడ అడ్డు పడకపోతే పైన ఆగిన మట్టంతా జారి వచ్చేస్తుంది. ఆ ఇరుకుకు సరిపోయే పలక ఇదొక్కటే. విశాఖుడు గురువును అనుమతి అడిగాడు.

"ఆ పలక ఎవరిది?" అన్నాడు ధర్మనంది.

"రేవతమ్మది."

"నన్నెందుకు అడుగుతున్నావు మరి?"

రేవతి సముద్రం అవతల ఎక్కడుందో ఎవరికీ తెలియదు. విశాఖుడు ఆగాడు. మళ్ళీ మబ్బులు పట్టేదాకా ఆగాడు. ఇక ఆగితే పడ్డ కష్టమంతా కొట్టుకుపోతుంది. పలకను గోడనుంచి విప్పాడు. రాతిని మోసుకుని ఇరుకుదాకా వెళ్ళాక మరో చిక్కు వచ్చింది. పిల్ల ముఖం దిగువకు తిప్పితే అందరికీ కనిపిస్తుంది, కానీ పైనుంచి దూకే నీళ్ళకు అరిగిపోతుంది. ఎగువకు తిప్పితే అరగదు, మట్టి కప్పేస్తుంది. అతను చాలాసేపు ఆ చెంపమీద చెయ్యి ఆనించి కూర్చుని, చివరికి ఎగువకే తిప్పి పాతించాడు. పలక అంచులవెంట బంకమట్టి మెత్తడానికి ధర్మనంది మోకాళ్ళమీద కూర్చున్నాడు.

ఏళ్ళు గడిచాయి. ఒక్కో వానకూ ఒక్కో పలక వెనక మట్టి పెరిగింది. ముందు గడ్డి వచ్చింది. గడ్డి వెంట తంగేడు, తంగేడు వెంట పిట్టలు, పిట్టలు తెచ్చిన గింజలతో ఇంకేవేవో వచ్చాయి. వాగు దూకడం మానేసి మెట్టు మెట్టుకూ ఆగి ఆగి దిగేది. వేసవిలో బావి అడుగంటలేదు. భిక్షువులు నది దాటి వెళ్ళే పని తప్పింది. పుష్యుడికి ఇప్పుడు విహారంలో మామిడి మొక్కలు వేయాలని ఉబలాటం.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం రేవతి వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. గుమ్మంలోనే, మా అమ్మాయి ఎక్కడ అని అడిగింది.

ధర్మనంది విశాఖుడివైపు చూశాడు. విశాఖుడు తల దించుకుని, నాతో రండమ్మా అన్నాడు. దారిలో జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె వింటూ నడిచింది. ఇరుకు దగ్గర ఆగి, అతను చూపించిన చోటు చూసింది. గడ్డి మొలిచిన మట్టి తప్ప ఏమీ లేదు. పలక పై అంచు తెల్లటి గీతలా కనిపిస్తోంది.

"నా బిడ్డను రెండోసారి పూడ్చావా అయ్యా" అంది.

అతను ఆ తెల్లటి గీత పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"తియ్యి."

విశాఖుడు కిందికి వెళ్ళి పార తెచ్చాడు. ధర్మనంది కూడా అతని వెంట మెల్లగా ఎక్కి వచ్చాడు. మొదటి పార దిగింది. నిప్పులు చెరిగే ఎండలో కొండ రాళ్ళు కాలిపోతుంటే, పైకొచ్చిన మట్టి నల్లగా, తడిగా ఉంది. రేవతి అది చూసింది. వంగి ఒక పిడికెడు తీసుకుంది. పిడికిలి బిగిస్తే మట్టి ముద్దకట్టింది. ఆమె దాన్ని పారెయ్యలేదు.

రెండో పార వేయబోతున్న విశాఖుడు చెయ్యి ఆపేశాడు. పలక అంచును ఆనుకుని, గడ్డిలో, జానెడు మొక్క ఒకటి ఉంది. ఎర్రటి లేతాకులు. ధర్మనంది అప్పటికే దాని పక్కన చేరి, ఆకుల అడుగుభాగాన్ని ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాడు.

రేవతి కూడా వంగింది. ఎన్నో తీరాలు తిరిగిన మనిషి. ఆ ఆకును ఆమె ఎక్కడా చూడలేదు.

"ఇదేం మొక్క?" అని అడిగింది.

"తెలియదు తల్లీ" అన్నాడు ధర్మనంది. "పూస్తే తెలుస్తుంది."

"ఎప్పుడు పూస్తుంది?"

"అదీ తెలియదు."

ఆమె ఆ లేతాకును వేలికొసతో ఒకసారి తాకింది. తర్వాత రేవతి విశాఖుడి చేతిలోని పార తీసుకుని, తవ్విన మట్టిని తనే మళ్ళీ నింపింది. పిడికిట్లో మట్టిని కూడా అందులో కలిపి అరచేత్తో సర్దింది.

"పూసేదాకా ఉంటాను" అంది.

అక్కడ ఒక్క తంగేడు పొద నీడే ఉంది. ధర్మనంది కొంచెం పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.