తెరవాక్కు మింగిన మంత్రి

ఒకానొక రాజ్యంలో రాజుగారి బిరుదులు రాజ్యం కంటే పొడుగ్గా ఉండేవి. ఆ రాజ్యం పేరు కుసుమగిరి, రాజు పేరు కీర్తిభూషణుడు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే తనంతటివాడు లేడని గట్టి నమ్మకం. ఆయన గుమ్మం దాటితే చాలు, ముందు నగారా మోగాలి, వెనక వందిమాగధులు గొంతులు చించుకుని బిరుదులన్నీ చదవాలి. అవి పూర్తయ్యేదాకా ఎంత ఎండైనా ఎవరూ కదలకూడదు.

ఆయన కొలువులో కొమ్మసాని అనే ఆవిడ ఉండేది. ఆవిడ తండ్రి పాత రాజుగారి సలహాదారు. చిన్నప్పటినుంచీ తండ్రి పక్కన కూర్చుని రాజ్య వ్యవహారాలన్నీ ఒంటబట్టించుకుంది గనక, ఆయన పోయాక ఆ కొలువు కూతురికే దక్కింది. మరి మగవాళ్ళ సభలో ఆడమనిషి అందరి ఎదుటా కూర్చుని మాట్లాడటమా? అందుకని రాజుగారు మంత్రి ఆసనం పక్కనే ఆవిడ కోసం ఒక జరీ తెర కట్టించారు. "చూశారా, మా సభలో స్త్రీలకు ఎంత గౌరవమో!" అని వచ్చినవాళ్ళందరికీ ఆ తెరను చూపించేవారు. వాళ్ళు కూడా తెరను మెచ్చుకుని వెళ్ళిపోయేవారు.

తెర వెనక మాట రాజుగారి చెవిన పడటానికి ఒక పద్ధతి ఉంది. కొమ్మసాని తన సలహాను మంత్రి వరదామాత్యుడికి మెల్లగా చెబుతుంది. ఆయన లేచి, ముందు "తెరవాక్కు!" అని ప్రకటించి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాజుగారికి వినిపించాలి. ఆ ఒక్క మాటతో ఆ సలహా ఎవరిదో సభకు తెలుస్తుంది.

మొదట్లో మంత్రి ఆ మాట బాగానే పలికేవాడు. పోనుపోను గొంతులోనే గొణగడం మొదలుపెట్టాడు. ఒకరోజు దగ్గు అడ్డం వచ్చి, ఆ మాట అనకుండానే సలహా చెప్పేశాడు. "శభాష్ మంత్రీ!" అని రాజుగారు తన ముత్యాలహారం తీసి ఆయన మెడలో వేశారు. హారం మంత్రికి ఎంతో నచ్చింది. ఆ రోజునుంచి సరిగ్గా ఆ మాట దగ్గరే ఆయనకు దగ్గు వచ్చేది.

ఎండాకాలంలో సంతకు మంచినీళ్ళ బళ్ళు పంపాలన్నది కొమ్మసాని ఆలోచన. పేరు మంత్రికి వచ్చింది. సరిహద్దు తగాదా పడుతున్న పొరుగు రాజును వేటకు పిలిచి, మంచి మాటలతో తేల్చుకోమన్నదీ ఆవిడే. బంగారు కంకణం మంత్రి చేతికి ఎక్కింది.

ఒకనాడు కొమ్మసాని ఉండబట్టలేక అడిగేసింది.

"అమాత్యా, నా మాటలు మోస్తున్నారు. నా పేరు కూడా మోస్తే అంత బరువా?"

"ఎవరు చెబితేనేం తల్లీ? రాజ్యానికి మేలు జరగడం ముఖ్యం" అన్నాడు మంత్రి.

"అయితే ఆ హారం నాకిచ్చి, మేలు మీరుంచుకోండి."

మంత్రి నవ్వేశాడు. "ఆడదానికి ఇంత ఆశ పనికిరాదమ్మా. ఇంతకీ నీకేం కావాలి?"

"తెర ముందు ఒక ఆసనం. నా మాట నా నోటితో చెప్పుకునే వీలు. ఆశే లేకపోతే రోజూ కోడి కూయకముందే లేచి సభకెందుకొస్తాను? ఇంట్లో హాయిగా పడుకోనూ!"

ఆ మాటను మంత్రి రాజుగారి దాకా మోయలేదని వేరే చెప్పాలా?

ఇంతలో రాజుగారు కొత్తగా ప్రధాన సలహాదారు ఆసనం ఒకటి చేయించారు. "దసరా నాడు దాని మీద మా వరదామాత్యుణ్ణి కూర్చోబెడతాం" అని ప్రకటించారు కూడా. కొమ్మసానికి కడుపు మండిపోయింది. ఇంటికి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చింది. ఏడుపయ్యాక మొహం కడుక్కుని, పీట వాల్చుకుని కూర్చుని ఆలోచించింది.

దసరా రానే వచ్చింది. ఆ రోజు రాజుగారు పట్టపుటేనుగు మేఘరాజు మీద ఊరేగాలి. ఆ ఊరేగింపు కోసం ఉన్న నగారాకు రెట్టింపు నగారా చేయించి, గజశాల పక్కనే పెట్టించారు. తెల్లవారగానే దాన్ని మోగించి, వందిమాగధులు గొంతు సవరించుకునేసరికి, మేఘరాజు గొలుసు తెంచుకుని పోయి కోట వెనక అరటితోటలో నిలబడింది. దగ్గరికి వెళ్ళిన మావటీలనల్లా తరిమికొట్టింది.

సభలో అందరూ తలలు పట్టుకున్నారు. రాజుగారు మీసం కొరుక్కుంటూ, "ఏం చేద్దాం మంత్రీ?" అన్నారు.

మంత్రి అలవాటు ప్రకారం చెవి తెర వైపు వంచాడు. లోపలినుంచి మాట వచ్చింది. లేచి, దగ్గి, గంభీరంగా మొదలుపెట్టాడు.

"ప్రభూ, దిగులెందుకు? దాన్ని పట్టడానికి సైన్యం అక్కర్లేదు, అంకుశం అక్కర్లేదు." మళ్ళీ చెవి వంచి విన్నాడు. "నేను ఒంటరిగా వెళ్ళి, ఉత్త చేతులతో దాని చెవి పట్టుకుని తమ ముందుకు తీసుకొస్తాను!"

అనేశాక గాని తాను ఏమన్నాడో మంత్రికి తెలియలేదు. ఆవిడ మాటను తన మాటగా చెప్పడం ఆ నోటికి అంతగా అలవాటైపోయింది.

రాజుగారు సింహాసనం దిగివచ్చి ఆయనను కౌగిలించుకున్నారు. "ఇన్నాళ్ళూ నీ బుద్ధి చూశాం, ఇవాళ నీ ధైర్యం చూస్తాం! ఇప్పుడే బయల్దేరు. సభంతా కోట గోడ మీదనుంచి చూస్తుంది."

మంత్రి తెర వైపు వంగి, "ఏమిటమ్మా ఈ పని?" అన్నాడు వణుకుతూ.

"వెళ్ళిరండి అమాత్యా" అంది కొమ్మసాని. "ఎవరు వెళితేనేం? రాజ్యానికి మేలు జరగడం ముఖ్యం."

అంతలో అరటితోటలోంచి మేఘరాజు ఘీంకారం వినిపించింది. మంత్రి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ప్రభూ, అది నా మాట కాదు! తెరవాక్కు! తెరవాక్కు!" అని సభామంటపం చూరులో పావురాలు లేచిపోయేటట్టు అరిచాడు.

రాజుగారు కనుబొమలు ముడిచారు. "మరి ఇన్నాళ్ళూ మేం మెచ్చిన సలహాలు ఎవరివి?"

మంత్రి చేయి మెడలోని హారం మీదికి పోయింది. రాజుగారు తెర వైపు తిరిగి, "అమ్మా, నువ్వే చెప్పు" అన్నారు.

పద్ధతి పద్ధతే గదా. తెర వెనక కొమ్మసాని మెల్లగా చెబుతుంటే, ఆ మాటలు మంత్రే లేచి పలకాల్సి వచ్చింది.

"తెరవాక్కు. మంచినీళ్ళ బళ్ళ ఆలోచన నాది ప్రభూ."

"ఊఁ."

"తెరవాక్కు. పొరుగు రాజును వేటకు పిలవమన్నదీ నేనే."

"తర్వాత?"

"తెరవాక్కు. మంత్రిగారికి ఈ మధ్య దగ్గు ఎక్కువైంది. మిరియాల కషాయం ఇప్పించండి." మంత్రి చెమట తుడుచుకున్నాడు. "తెరవాక్కు... కొంచెం గట్టిగా చెప్పమంటోంది ప్రభూ."

సభ సభంతా గొల్లుమంది. రాజుగారు మాత్రం నవ్వు ఆపుకుని, బింకంగా కూర్చున్నారు.

"మాట ఎవరిదో పనీ వారిదే అమ్మా. ఏనుగును నువ్వే తీసుకురావాలి. తేలేకపోతేనో?"

"తెరవాక్కు. తేలేకపోతే ఈ కొలువు వదిలి వెళ్ళిపోతాను. తెస్తే మాత్రం ఆ కొత్త ఆసనం నాకే కావాలి. కానీ ఒక చిక్కుంది ప్రభూ. తెర వెనక కూర్చుని ఏనుగు చెవి ఎలా పట్టుకోను?"

రాజుగారు తెరను ఎగాదిగా చూశారు. "సరే, తెర తీయండి" అన్నారు.

కొమ్మసాని బయటికి వచ్చింది. నడివయసు మనిషి, జుట్టు ముడి వేసుకుని, కొంగు నడుముకు బిగించి ఉంది. వస్తూనే, "ముందు ఆ నగారా ఆపించండి. బిరుదులు చదివేవాళ్ళను ఇళ్ళకు పంపండి" అంది. బిరుదుల మాట వినగానే రాజుగారి మొహం ముడుచుకుంది గాని, ఏనుగు కావాలి గనక ఒప్పుకున్నారు.

కొమ్మసాని ఒంటరిగా తోటలోకి నడిచింది. అక్కడ గనక మేఘరాజు తొండం విసిరితే కొలువూ ఉండదు, తానూ ఉండదు. దూరంనుంచే, "ఒరేయ్ మేఘా, నేన్రా!" అని పిలిచింది. ఏనుగు చెవులు ఆడించింది. తొండం చాచి ఆవిడ చేతిని వాసన చూసింది. తర్వాత ఆవిడ చెవి పట్టుకుంటే బుద్ధిగా వెంట నడిచి వచ్చింది.

కోట గోడ మీద ఉన్నవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. "ఏ మంత్రం వేశావు?" అన్నారు రాజుగారు.

"మంత్రం కాదు ప్రభూ, తమరు కట్టించిన తెర మహిమ. దాని వెనక నాకు మిగిలింది ఒకే ఒక్క కిటికీ. ఆ కిటికీకి ఎదురుగా గజశాల. సభను చూడనివ్వకపోతే ఇన్నేళ్ళూ ఏనుగును చూస్తూ కూర్చున్నాను. రోజూ నా అరటిపళ్ళు దానికే పెట్టాను. నగారా మోగితే అది వణుకుతుంది. బిరుదులు మొదలైతే గోడకు తల కొట్టుకుంటుంది. ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పాను గాని, మంత్రిగారు ఆ ఒక్క మాటను మాత్రం తనదనీ చెప్పుకోలేదు, నాదనీ చెప్పలేదు."

రాజుగారి మొహం ఎర్రబడింది. "మా బిరుదులు వింటే తల కొట్టుకుంటుందా?"

"మూగజీవం గనక కొట్టుకుంది ప్రభూ. నోరున్నవాళ్ళం గనక మేం ఊరుకున్నాం."

రాజుగారు కొమ్మసానిని చూశారు, ఏనుగును చూశారు. చూసి చూసి పకపకా నవ్వారు. కిరీటం జారిపోతుంటే పట్టుకుని మరీ నవ్వారు. తన వేలి ఉంగరం తీసి ఆవిడకిచ్చి, సభకు తిరిగి రాగానే చేయి చూపి కొత్త ఆసనం మీద కూర్చోబెట్టారు.

"ఇంత తెలివికి మంచి బిరుదొకటి ఇవ్వాలి" అన్నారు ఉత్సాహంగా.

"వద్దు ప్రభూ, మేఘరాజు వింటుంది" అంది కొమ్మసాని.

రాజుగారికి మళ్ళీ నవ్వాగలేదు. ఆ ఏడు ఊరేగింపు సన్నాయి మేళంతో చల్లగా సాగింది. జనం కూడా ఎండలో నిలబడే బాధ తప్పిందని సంతోషించారు.

వరదామాత్యుడు పదవి మానుకుంటానన్నాడు. కొమ్మసానే వద్దని ఆపింది. అయినా మొహం చెల్లక, కొన్నాళ్ళపాటు తానే తెర వెనక కూర్చుంటానని అడిగాడు. ఒకరోజు లోపలినుంచి, వానలు రాకముందే కోట కందకంలో పూడిక తీయిస్తే మంచిదని మెల్లగా అన్నాడు. కొమ్మసాని లేచి నిలబడింది. దగ్గలేదు.

"తెరవాక్కు!" అని సభంతా వినబడేటట్టు ప్రకటించింది. "ఇది వరదామాత్యులవారి ఆలోచన ప్రభూ. మంచి ఆలోచన. నాకు తట్టలేదు."

"శభాష్ మంత్రీ!" అన్నారు రాజుగారు.

తెర వెనకనుంచి దగ్గు వినిపించింది. ఏడుపు ఆపుకుంటుంటే వచ్చిన దగ్గది.

రాజుగారు పకపకా నవ్వి, "ఎవరక్కడ? మంత్రిగారికి మిరియాల కషాయం తెండి!" అన్నారు.