నక్షత్రానికి పొగడ్తలు

సముద్రపు ఒడ్డున ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ప్రతాపధవళుడు చెడ్డవాడేం కాదు, కానీ పొగడ్తంటే చెవి కోసుకునేవాడు. రోజూ పొద్దున్నే కోట వాకిట్లో పేదలకు బియ్యం పంచేవాడు. పక్కనే వందిమాగధులు నిలబడి, "దానంలో మా మహారాజుకు సాటి లేరు!" అని గొంతులు చించుకునేవారు. అది చెవిన పడందే ఆయనకు చల్ల కూడా గొంతు దిగేది కాదు.

ఆ కొలువులో వైద్యుడు ఎలియాజరు. తాతల నాడు ఓడలెక్కి వచ్చి రేవులో స్థిరపడిన యూదుల ఇంటి బిడ్డ. ఆయన మందు ఎంత చేదో, మాట అంత తీపి.

ఒకనాడు వంటశాలలో నెయ్యి గది చూసుకునే బయన్న ఒక కుండ నెయ్యి ఇంటికి పట్టుకుపోయాడు. తెల్లారేసరికి మనసు ఊరుకోక, మూత కూడా తీయని ఆ కుండను తానే తెచ్చి రాజు ముందు పెట్టి, కాళ్ళ మీద పడ్డాడు.

ఆస్థాన జ్యోతిష్కుడు సోమయాజులు బయన్న జాతకం చూసి పెదవి విరిచాడు. "వీడు పుట్టుదొంగ, ప్రభూ. తిరిగి ఇచ్చినా దొంగ దొంగే. గ్రహాలు రాసింది మనిషి చెరపలేడు."

"అయితే పెళ్ళాం బిడ్డలతో సహా పొలిమేర దాటించండి," అన్నాడు రాజు.

బయన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎలియాజరుకు ఒళ్ళు మండింది. తప్పు చేసినవాడికి శిక్ష వేస్తే వేశారు, తప్పు దిద్దుకున్నందుకు పూచికపుల్ల విలువైనా లేకపోతే ఎలా? అయినా కోపం మింగి, చేతులు కట్టుకుని లేచాడు.

"మహారాజా, సోమయాజులుగారి మాట నాకు తెగ నచ్చింది. రేపు వాకిట్లో కూడా ఇదే పద్ధతి నడపనివ్వండి. అందాకా బయన్నను ఉంచండి."

ఇంకాస్త గట్టిగా పొగుడుతారు కాబోలనుకుని రాజు సరేనన్నాడు.

మర్నాడు పంపకం మొదలైంది. వందిమాగధులు ఎలియాజరు చెప్పిపెట్టినట్టే రాజుకు వీపు చూపి, ఆకాశంకేసి చేతులెత్తారు. "ఓ మఖా నక్షత్రమా! ఎంత దొడ్డ మనసు తల్లీ నీది!" బియ్యం పట్టిన ముసలమ్మ కూడా పైకి చూసి, "చల్లగా ఉండు నక్షత్రమా," అని దణ్ణం పెట్టుకుని పోయింది.

రాజు ముఖం కందగడ్డ అయింది. "ఇచ్చేది నేనైతే చుక్కకు దణ్ణాలేమిటి?"

"తమరు పుట్టింది మఖలో కదా ప్రభూ," అన్నాడు ఎలియాజరు. "జాతకంలో ఉంది, ఇచ్చారు. ఇందులో తమరి గొప్పేముంది?"

"గొప్పేముందా! మొన్న కొత్త రథం మీద మోజు పడి ఈ పంపకం ఆపేద్దామనుకున్నాను. ఎంత కొట్టుకులాడానో నీకేం తెలుసు? చివరికి రథం వద్దనుకున్నది నేను! చుక్క కాదు!"

"ఆ మాట కోసమే కాచుకున్నాను ప్రభూ. పొడుగో పొట్టో, కలిమో లేమో పుట్టకముందే పైన తేలిపోతుందని మా పెద్దలంటారు. మంచివాడా చెడ్డవాడా అన్నది మాత్రం దేవుడు మనకే వదిలేశాడట. లోపల ఇద్దరు మంత్రులుంటారు. ఒకడు కావాలంటాడు, ఒకడు వద్దంటాడు. కావాలనేవాణ్ణి తరిమేయలేం, వాడు లేకపోతే ఇల్లు కట్టాలనీ పెళ్ళాడాలనీ ఎవరికీ పుట్టదు. ఎవరి మాట వినాలన్నదే మన చేతిలో ఉంది. తమరికి రథం దగ్గర జరిగిందే బయన్నకు నెయ్యి దగ్గర జరిగింది. వాడు ఒక పూట ఆలస్యంగా విన్నాడు, అంతే."

సోమయాజులు గడ్డం సవరించుకుంటూ ఎటో చూశాడు. రాజు ఓ పక్కన నిలబడ్డ బయన్నకేసి చూశాడు.

"మరి వాణ్ణేం చెయ్యమంటావు?"

"మళ్ళీ ఆ నెయ్యి గదిలోనే పెట్టండి. అదే కుండ ఎదురుగా ఉండగా ముట్టుకోకపోతేనే మారినట్టు."

"అలాగే కానీ," అన్నాడు రాజు. బయన్న బావురుమన్నాడు.

రాజు మెడలోని ముత్యాల హారం తీసి ఎలియాజరుకు అందించబోయాడు. ముత్యాలు ఎండలో తళుక్కుమన్నాయి. చెయ్యి సగంలోనే ఆగింది.

ఎలియాజరు తల వంచి నిలబడ్డాడు. "లోపల ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టున్నారు. తొందరేం లేదు ప్రభూ, నేను ఆగుతాను."

రాజు కడుపు పట్టుకుని నవ్వాడు. హారం ఎలియాజరు మెడలో పడింది. వందిమాగధులు ఈసారి ఎవరూ చెప్పకుండానే రాజు వైపు తిరిగారు.