అయిదో అడ్డకర్ర

ఈ కథ వరుస నాకు తారుమారు కావచ్చు. చదివినప్పుడు ఏది ముందో ఏది వెనకో స్పష్టంగానే ఉంది. ఇప్పుడు లేదు. ఉన్నంతవరకైనా జారిపోకముందే రాసేస్తున్నాను.

రెండు నదుల మధ్య ఒక ఊరు. ఊరి నడుమ ఇటుకల గోపురం. దాని మీద ఒక అవ్వ. సంజవేళ గొర్రెలను పిలవడం ఆమె పని.

అవి ఆకాశపు గొర్రెలు. చుక్కలన్నీ మందలా ఒక్క వరుసలో నడుస్తాయి. అయిదు మాత్రం ఆ వరుసలో ఇమడవు. మనం గ్రహాలంటాం. వేల ఏళ్ల కిందటి ఆ సుమేరు దేశపు జనం అడవి గొర్రెలన్నారు.

అవ్వ పైనుంచి ఒక్కో పేరు పిలిచేది. పిలిస్తే ఆ గొర్రె లోపలికి వచ్చినట్టు లెక్క. కింద కావలివాడు కోటవాకిలికి ఒక్కో అడ్డకర్ర వేసేవాడు. అయిదో కర్ర పడితే వాకిలి మూసినట్టు. మూశాక బయట మిగిలినదాన్ని ఇక ఎవరూ వెతకరు. అది ఆ ఊరి కట్టడి.

దిల్‌బత్, మెరిసేది. మన వేగుచుక్క. ముల్‌బబ్బర్, తెల్లచుక్క. మన గురుడు. గుఉద్, గెంతేది. మన బుధుడు, ఎక్కడా కాలు నిలవదు. సగుష్, నిలకడైనది. మన శని, మందుడంటామే, అతను.

అయిదోది ఎర్రది, మన అంగారకుడు. దాని పేరుకు అర్థమేమిటో ఊళ్లో ఎవరికీ తెలియదు. అర్థం ఉన్న పేరుకు పట్టుకోవడానికి పిడి ఉంటుంది. దీనికి లేదు. అందుకే అవ్వ తిరగలిలో బార్లీ విసురుతూ, నీళ్లు తోడుతూ ఆ ఒక్క పేరే గొణుక్కునేది. నిద్రలో కూడా పెదవులు కదిలేవి.

ఒక సంజవేళ నాలుగు పేర్లు పిలిచి అవ్వ ఆగిపోయింది. ఎర్రది ఎదురుగానే ఉంది. పిలుపు కోసం చూస్తున్నట్టు ఉంది.

"ఏం అవ్వా, ఈగ మింగావా?" కిందినుంచి కావలివాడు అరిచాడు.

"ఆగరా. నాలుక చివరే ఉంది."

"నాకు కాళ్లు పీకుతున్నాయి. ఏదో ఒకటి అనెయ్, కర్ర వేసేస్తా. తప్పయితే నాకు తెలుస్తుందా, రాజుకు తెలుస్తుందా?"

అవ్వ గోపురం అంచు వెంట అటూ ఇటూ తిరిగింది. గంజి ముంతతో కోడలు మెట్లెక్కి వచ్చింది. సంగతి విని గొంతు తగ్గించింది.

"అత్తా, నోటికొచ్చింది అనెయ్యి. లేకపోతే రేపటికి ఈ గోపురం ఇంకొకరిది. రాజుగారి దగ్గర ఒకామె సిద్ధంగా ఉందట. అయిదు పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెబుతుందట."

"పైకి చూసి చెబుతుందా?"

"చూడక్కర్లేదట."

"నేను నోటికొచ్చింది అంటే కర్ర పడుతుంది. అది బయటే ఉండిపోతుంది. నేను తప్ప దానికి ఎవరున్నారే?"

అవ్వ గంజి ముట్టలేదు. మెట్లు దిగి వాకిలి దగ్గరికి వచ్చింది. అయిదో కర్ర పడాల్సిన సందులో చతికిలబడింది.

"ఇదేం పనవ్వా? నువ్వేమన్నా కర్రవా?" అన్నాడు కావలివాడు.

"ఈ పూటకి."

వాకిలి మూయని ఊరికి నిద్ర పట్టలేదు. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. కుక్కలు వీధులన్నీ తిరిగాయి. అవ్వ మాత్రం పెదవులు కదుపుతూనే ఉంది. ఎర్రదాని పేరు రాలేదు సరికదా, తక్కిన నాలుగూ ఒకటొకటిగా జారసాగాయి. చివరికి ఆమెకు ఇంకో దిగులు పుట్టింది.

"ఒరే, నా పేరేమిట్రా?"

"అవ్వేగా."

"అంతకుముందు?"

"అంతకుముందు నేను లేను."

వేకువ కాబోతుండగా బయట చీకట్లోంచి ఎవరో ఒక పేరు పిలిచారు. కావలివాడు ఎన్నడూ వినని పేరు. దారి తప్పినదాన్ని పిలిచినట్టు, మెల్లగా, ఓపిగ్గా.

అవ్వ తల ఎత్తింది. "వస్తున్నా" అంది.

అయిదో కర్ర పడిన చప్పుడు కావలివాడికి వినబడింది. కర్ర అతని చేతిలోనే ఉంది. సందులో అవ్వ లేదు.

సువర్చలా, మీ పెద్దమ్మను, నేను రాసిన ఈ పేర్లు ఒకసారి సరిచూడు తల్లీ. ఎర్రదాని పేరు నేను రాయలేదు. తెలిస్తే నువ్వు చేర్చు. తెలియకపోతే అలాగే ఉండనీ. నోటికొచ్చింది మాత్రం పెట్టకు.