వెనక కట్టిన బ్లేడు

మా గురువుగారికి ఒక పాడు అలవాటుంది. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పరు. "చూద్దాం" అంటారు. ఆ చూద్దాం ఒక పూట కావచ్చు, ఒక చలికాలం మొత్తం కావచ్చు. అడిగినవాడు తన ప్రశ్న తనే మరిచిపోయి ఊరికి వెళ్ళిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఆశ్రమంలో వంటింటి పెత్తనం నాది. పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడిగినా చూద్దాం అనే మనిషితో ఎంతకని వేగను? ఆయన మీద గౌరవం ఎంతుందో విసుగూ అంతే ఉంది. విజయగోపాలరాజుగారి విషయంలో ఆ రెండూ ఒకేసారి తారస్థాయికి చేరాయి కనుక ఆ సంగతి చెబుతాను.

మా ఆశ్రమం హిమాచల్‌లో, యాపిల్ తోటల మధ్య, కొండ వాలులో ఉంది. ఉన్నవాళ్ళం ఎక్కువగా తెలుగువాళ్ళమే. జీపులు తిరిగే పెద్ద రోడ్డుకీ మాకూ మధ్య ఒక సన్నటి మట్టిదారి. దానికి ఒక పక్క కొండ, రెండో పక్క రాతి పిట్టగోడ, గోడ దాటితే లోయ. మంచు పడితే ఆ దారి మూసుకుపోతుంది. దారి మూసుకుపోతే మేం లోకంలో లేనట్టే.

రాజుగారిది భీమవరం దగ్గర పల్లెటూరు. జీవితమంతా వరి పండించి, చేపల చెరువులు తవ్వించి, పిల్లలకి అన్నీ అప్పగించి ఇక్కడికి వచ్చేశారు. మనసు వెన్న. నోరు మాత్రం పచ్చిమిరపకాయ. ఆ ఏడు చలి మొదలయ్యే రోజుల్లో, గురువుగారు వసారాలో కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతుంటే, ఈయన వచ్చి ఎదురుగా చతికిలబడ్డారు.

"గురువుగారండీ, నా కోపం తగ్గట్లేదండి. జపం రెట్టింపు చేశానండి. అయినా మర్నాటికి మళ్ళీ అదే నోరు, అవే తిట్లు. ఈ మంత్రం నాకు చాలట్లేదేమోనండి. ఇంకా పెద్దది ఏదన్నా ఉంటే ఇప్పించండి మరి."

నవ్వులాటకి అడగలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. గురువుగారు చేటలోంచి ఒక రాయి తీసి పక్కన పడేసి, "చూద్దాం" అన్నారు. తర్వాత మాట మార్చేశారు. "ఈలోగా దారి సంగతి మీరు చూసుకోండి రాజుగారూ. తేజ్‌రామ్ భార్యకి నెలలు నిండుతున్నాయి. దారి మూసుకుపోకూడదు."

తేజ్‌రామ్ మా తోట పని చూసే కుర్రాడు. భార్య చంపాతో ఆశ్రమంలోనే ఒక గదిలో ఉంటాడు. పురిటికి కొంచెం ముందుగా ఆమెని కింద ఊళ్ళో ఉన్న వాళ్ళ పిన్ని ఇంటికి చేర్చాలని మా అందరి ఆలోచన. ప్రతి ఏడూ మంచుని పారలతో ఎత్తిపోసేవాళ్ళం. ఈసారి యాపిల్ పెట్టెలు మోయడానికని భక్తులెవరో ఇచ్చిన చిన్న ట్రాక్టరు ఉంది. దానికి మంచు తోసే బ్లేడు బిగిస్తే గంటలో పని అయిపోతుందని రాజుగారు అన్నారు. ఆయనకి ట్రాక్టర్ల సంగతి కొట్టిన పిండే కనుక మేమూ సరేనన్నాం.

బ్లేడు కొనడానికి రాజుగారు ట్రాక్టరు వేసుకుని కింద ఊరికి వెళ్తుంటే, పోపు సామాను కోసం నేనూ వెనకే జీపెక్కాను. ఎక్కకుండా ఉంటే నా రక్తపోటుకి మంచిదయ్యేది. కొట్లో రెండు రకాల బ్లేడులున్నాయి. ఒకటి మా ట్రాక్టరు చక్రాల వెడల్పుకి అటూ ఇటూ కాస్త ఎక్కువ ఉంటుంది. రెండోది పెద్ద ట్రాక్టర్లకి కట్టేది, మా దారికి ఈ అంచు నుంచి ఆ అంచుకి వచ్చేంత ఉంది. కొట్టువాడు చిన్నదే చూపించాడు. మీ బండికి ఇదే సరిపోతుంది, ముందు వైపు కట్టుకోవాలి, దీని చట్రం బండి పొట్ట కిందికి వచ్చి బిగుస్తుంది అన్నాడు.

రాజుగారు చిన్నదాన్ని కాలితో తట్టి చూశారు. "ఇదేం బ్లేడండీ, అట్లకాడలా ఉంది! దీంతో ఎన్నిసార్లు తిరగాలి? ఆ పెద్దదైతే ఒక్క ఊపులో దారంతా శుభ్రం."

"రాజుగారూ, మన బండి చూడబోతే రుబ్బురోలంత ఉంది. అంత బరువు లాగుతుందా?" అన్నాను.

"అమ్మగారండీ, మీరు ఆవాలు కొనుక్కోండి" అన్నారాయన.

ఆవాలు కొనుక్కున్నాను. ఇంకేం చేయను? తిరిగి వచ్చేసరికి అక్కడ రెండో భాగోతం నడుస్తోంది. బ్లేడు ముందు కట్టడానికి వీల్లేదట. నాగలిని ఎత్తి దించే వెనక లిఫ్టుకి తగిలించేలా కొక్కేలు అతికించమని రాజుగారు పట్టుబట్టారు. కొట్టువాడు హిందీలో ఏదో నచ్చజెప్పబోతే ఈయన తెలుగులో గర్జించారు. "నేను పుట్టి బుద్ధెరిగాక ట్రాక్టరుకి పనిముట్టు వెనకే చూశానండి. నాగలి వెనకే, గొర్రు వెనకే, దమ్ము బురదని చదును చేసే పలకా వెనకే. ఎద్దుకి ముందు నాగలి కట్టినవాణ్ణి మీరెక్కడన్నా చూశారా?"

చూడలేదు. అదే నాకు మరీ ఒళ్ళు మండించింది.

అలా ఆ పెద్ద బ్లేడు మా చిన్న ట్రాక్టరు తోకకి వేలాడుతూ ఆశ్రమానికి వచ్చింది. గురువుగారు శాలువా కప్పుకుని వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగారు. ఎలా ఉందండి అని రాజుగారు అడిగితే, "బాగా మెరుస్తోంది" అన్నారు. ఆయన వెళ్తుంటే వెనకే వెళ్ళి నిలదీశాను. ఇది పనిచేస్తుందా లేదా, తెలిస్తే చెప్పొచ్చు కదా అన్నాను. "నాకు ట్రాక్టర్ల సంగతి తెలియదమ్మా. పారలు మాత్రం లోపల పెట్టించకు" అన్నారు. తెలియనివాడికి పారల గొడవ ఎందుకో నాకు అర్థం కాలేదు. విసుక్కుంటూనే పారలు బయట ఉంచాను.

చంపాని కిందికి పంపాలనుకున్న వారం రాకముందే మంచు వచ్చేసింది. రాత్రంతా కురిసి తెల్లవారాక ఆగింది. మోకాలి లోతున దూదిలా మెత్తగా పడి ఉంది. రాజుగారు మంకీ క్యాపు, దానిపైన తలపాగా బిగించి, ట్రాక్టరు ఎక్కి బయల్దేరారు. వంటింటి కిటికీలోంచి నేను అంతా చూస్తూనే ఉన్నాను.

మొదట బండి చక్రాలు మంచు మీదికి ఎక్కుతాయి. దాన్ని తొక్కి అణిచేస్తాయి. ఆ తర్వాత వెనక వచ్చే బ్లేడు, అప్పటికే గట్టిపడినదాని మీద జారుకుంటూ పైపైన గీకి వదిలేస్తుంది. ఇదీ జరిగిన పని. రాజుగారు వెనక్కి తిరిగి చూసి, సరిగా తెగలేదని మళ్ళీ అదే దారిన పోయారు. ఆ తర్వాత మళ్ళీ. ఆయన చేతులకి తెలిసిన పని అది. దమ్ము పొలంలో ఎన్ని చాళ్ళు తిరిగితే బురద అంత మెత్తబడుతుంది. మంచు బురద కాదు. తొక్కినకొద్దీ అది రాయిలా బిగుసుకుపోయి, పైన అద్దంలా నున్నగా తేలింది. బ్లేడు బరువుకి ముందు చక్రాలు అప్పుడప్పుడూ గాల్లోకి లేస్తున్నాయి. కిటికీలోంచి ఆగండి బాబూ ఆగండి అని అరిచాను. ఇంజను మోతలో నా అరుపు నాకే వినిపించలేదు.

మలుపు దగ్గర బండి జారింది. గిర్రున తిరిగి, మూతి కొండ వైపు పెట్టి, బ్లేడు కొన పిట్టగోడలో ఇరుక్కుని, దారికి అడ్డంగా గడియ పెట్టినట్టు నిలిచిపోయింది. దేవుడి దయవల్ల ఆయనకి గీత కూడా పడలేదు. దిగడం దిగడమే కొట్టువాణ్ణి, మంచుని, తేజ్‌రామ్‌నీ, కిటికీలో ఉన్న నన్నూ కలిపి తిట్టడం మొదలుపెట్టారు. అందరం కలిసి తోసినా ట్రాక్టరు అంగుళం కదల్లేదు.

మధ్యాహ్నం చంపాకి నొప్పులు మొదలయ్యాయి.

ఫోను చేస్తే జీపు వచ్చింది. కానీ అది మలుపుకి అవతల, కింద ఆగిపోయింది. చంపాని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీకి కర్రలు కట్టి, నలుగురు ఎత్తుకున్నారు. ఎవరూ ముట్టని మంచైతే కాళ్ళు దిగబడినా నడవగలం, ఏటా నడిచినవాళ్ళమే. ఈ దారిలో అడుగు వేస్తే అడుగు నిలవదు. పొయ్యిలో బూడిదంతా తట్టలకెత్తి వాళ్ళ ముందు చల్లుకుంటూ నేను నడిచాను. మిగిలినవాళ్ళు పారలతో ఆ గట్టిపడిన మంచుకి గాట్లు పెడుతున్నారు. ఏ నిమిషాన ఎవరి కాలు జారుతుందో, ఆ పిల్ల ఎక్కడ పడుతుందోనని వెనక్కి చూసుకుంటూనే చల్లుతున్నాను. గురువుగారు కుర్చీ పక్కనే, ఒక చెయ్యి దాని మీద వేసి నడుస్తున్నారు.

రాజుగారు కుర్చీకి ఎదురుగా, వెనక్కి అడుగులేస్తూ ఒకటే కేకలు. "ఎడం పక్కకి! ఎడం అంటే తెలీదా! ఒరేయ్ తేజ్‌రామూ, చేతుల్లో బలం లేదా, బుద్ధి లేదా? పట్టుకోవయ్యా సరిగ్గా!" భయంతో అరుస్తున్నారని నాకు తెలుసు. తప్పు తనదేనని తెలిసి మరీ అరుస్తున్నారనీ తెలుసు. తెలిసి ఏం లాభం? ఆ కేకలకి తేజ్‌రామ్ పట్టు తప్పి కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. గురువుగారు పట్టుకోకపోతే పడేదే.

అప్పుడు చంపా నోరు విప్పింది. అంతవరకూ పళ్ళు బిగించుకుని ఉన్న పిల్ల, హిందీలో మెల్లగా, "ఆయన్ని అరవొద్దని చెప్పండి. నొప్పి ఓర్చుకోగలను. ఆ అరుపుకే నాకు భయంగా ఉంది" అంది.

రాజుగారికి హిందీ అంతంత మాత్రం. ఆ మాట మాత్రం అర్థమైంది. నోరు మూతపడింది. వచ్చి తేజ్‌రామ్‌ పక్కన కర్ర కిందికి భుజం పెట్టారు. మలుపు దగ్గర కుర్చీ పట్టలేదు. ట్రాక్టరు మూతికీ కొండకీ మధ్య మనిషి పక్కకి తిరిగితే పట్టేంత సందే మిగిలింది. నెలలు నిండిన కడుపుతో, నొప్పుల మధ్య, చల్లటి ఇనుముకి రాసుకుంటూ ఆ పిల్ల ఆ సందులోంచి నడిచి వెళ్ళి అవతల జీపెక్కింది. రాజుగారు తల పక్కకి తిప్పేసుకున్నారు. నాకు ఆయన మీద కోపమొచ్చింది, జాలేసింది, మళ్ళీ కోపమొచ్చింది.

సాయంత్రానికి కింద ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. తల్లీ బిడ్డా క్షేమం. అప్పటికి గానీ నేను మంచినీళ్ళు ముట్టలేదు.

మర్నాడు రాజుగారు ఒక్కరే ఆ దారంతా వంగి వంగి చూసుకుంటూ నడిచారు. తన చక్రాలు తొక్కినచోట మంచు ఎలా బిగుసుకుందో, తొక్కనిచోట ఎలా ఉందో పారతో గుచ్చి మరీ చూసుకున్నారట. ఎండ కాసి బండి కదిలాక పెద్ద బ్లేడు కొట్టువాడికి ఇచ్చేసి, మారుమాట లేకుండా చిన్నది తెచ్చుకున్నారు. దాని చట్రం బండి పొట్ట కిందికి బిగించి, బ్లేడుని ముందు కట్టారు. చక్రాలకి గొలుసులు చుట్టారు, పట్టు దొరకడానికి వెనక రాళ్ళ బస్తాలు వేశారు. మంచు లోయ వైపు జారిపోయేలా బ్లేడుని కాస్త ఏటవాలుగా తిప్పారు. రెండో మంచు పడినప్పుడు చక్రం మోపకముందే దారి శుభ్రమవుతూ పోయింది. మట్టి కనబడింది. నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది, తిరిగారు. మెచ్చుకోవాలని లేకపోయినా మెచ్చుకుని, ఆ పూట ఆయనకి ఆవపెట్టి కూర వండాను.

ఇంత జరిగాక మనిషికి కొంత తెలిసి ఉంటుందని నేను ఆశపడ్డాను. చంపా బిడ్డతో తిరిగొచ్చిన రోజు, వసారాలో అందరం ఉండగా, రాజుగారు మళ్ళీ గురువుగారి ముందు చతికిలబడ్డారు.

"గురువుగారండీ, నా మంత్రం సంగతి తేల్చనే లేదండి మీరు. ఆ పిల్లని అలా జడిపించినందుకు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదండి. తెల్లవార్లూ కూర్చుని జపం చేశాను. అయినా నిన్న మళ్ళీ తేజ్‌రామ్ మీద నోరు పారేసుకున్నాను. ఇది చాలట్లేదండి. ఆయ్, పెద్దదే కావాలండి నాకు."

నా చేతిలో గరిటె ఉంది. ఎలా ఆపుకున్నానో నాకే తెలుసు. గురువుగారు ఎప్పటిలా చూద్దాం అంటారనుకున్నాను. ఆయన అనలేదు. చంపా ఒళ్ళో నిద్రపోతున్న బిడ్డకేసి కాసేపు చూసి, తర్వాత రాజుగారి వైపు తిరిగారు.

"జపం రాత్రి చేశారు, మంచిదే. ఆ పిల్ల కుర్చీలో ఉన్నది మధ్యాహ్నం కదండీ, రాజుగారూ. బ్లేడు ముందుకి మార్చుకున్నారు, జపం మాత్రం ఇంకా వెనకే ఉంది."