తెప్ప మీద పిడికిలి

తాతారావు మాస్టారు ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పే మనిషి కారు. విశాఖ జాలరిపేటలో ఆయన దగ్గర బాక్సింగ్ నేర్చుకునేవారందరికీ ఆ సంగతి తెలుసు. అయినా ఆ ఉదయం నూకరత్నం అడగకుండా ఉండలేకపోయింది. గుంటూరులో జరిగే రాష్ట్ర పోటీలకు ఎవరిని పంపేదీ మాస్టారు ఆనాడే తేల్చనున్నారు. రత్నం గురి తప్పదు. కాని ఆమె దెబ్బ తిన్నవారెవరూ ఒక్క అడుగైనా వెనక్కు వేయరు. ఏడాదిగా ఇసుకమూటలు ఎత్తి జబ్బలు గట్టిపడ్డాయి గాని, దెబ్బ మెత్తగానే ఉండిపోయింది.

“మాస్టారూ, గుద్దుకు బలం ఎక్కడి నుంచి వస్తుందండీ?”

ఆయన చేతులకు గుద్దులు కాచుకునే ప్యాడ్లు తొడుక్కుని సముద్రంలోకి నడిచారు. కెరటాలు విరిగి సద్దుమణిగే చోట మోకాటి లోతు నీటిలో నిలబడి, పక్కన తేలుతున్న ఖాళీ తెప్పను చూపించారు.

“ఎక్కి కొట్టు. నన్ను కదిపితే గుంటూరు నీదే.”

రత్నం ఎక్కింది, ఊపిరి బిగబట్టి కొట్టింది. మాస్టారు కదలలేదు. తెప్ప వెనక్కు జారింది, ఆమె చతికిలబడింది. లేచి మరింత బలంగా కొట్టింది. తెప్ప మరింత దూరం జారింది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మేనమామ ఎర్రయ్య ఊరుకుంటాడా?

“ఏటే కోడలా! మాస్టార్ని గుద్దుతున్నావా, తెప్పని తోత్తన్నావా?”

ఒడ్డు ఒడ్డంతా గొల్లుమంది. రత్నం కళ్లు మండాయి. ఉప్పునీటికో, రోషానికో ఆమెకే తెలియదు. ఒక్క ఉదుటున నీళ్లలోకి దిగి మాస్టారికి ఎదురుగా నిలిచింది. ఆయన వద్దనలేదు. వెనక్కు మళ్లుతున్న అల పాదాల కింది ఇసుకను లాగబోయింది. పడిపోకూడదని ఆమె వేళ్లు ఇసుకలోకి దిగబడ్డాయి. మడమ లేచింది. తొడ బిగిసింది, నడుము తిరిగింది, భుజం దాని వెంట పరుగెత్తింది. పిడికిలి మాత్రం అన్నిటికన్నా చివర, పెళ్లివారి వెనక వచ్చే బాణసంచాలా వచ్చి పేలింది!

ప్యాడు ఊడి గాలిలోకి ఎగిరింది. మాస్టారు వెల్లకిలా నీళ్లలో పడ్డారు. ఎర్రయ్య వల వదిలేసి ఈల వేశాడు. రత్నం తన చేతి వంక చూసుకుంది. అదే చెయ్యి, నిన్నటి చెయ్యే! ఆయనను లేవదీస్తూ, భయం భయంగా అడిగింది:

“తెప్ప దిగి కొట్టాను కదండీ... ఇది లెక్కలోకి వస్తుందా?”

మాస్టారు దగ్గుతూ, నవ్వుతూ, మీసాల నీళ్లు తుడుచుకున్నారు.

“గుంటూరులో తెప్ప ఎవరు వేస్తారమ్మా! సాయంత్రం రైలుకు వచ్చెయ్. గ్లవ్స్ మరిచిపోయినా ఎవరినైనా అడిగి తెస్తాను. నేలను గట్టిగా పట్టే బూట్లు మాత్రం జాగ్రత్తగా చూసి తెచ్చుకో.”