ముప్పై గడపల విత్తనం

కృష్ణ ఒడ్డున ఒక చిన్న విహారం ఉండేది. దాని పక్కనే ముప్పై గడపల పల్లె. పల్లెవాళ్ల విత్తనాలన్నీ విహారం గిడ్డంగిలోనే దాచేవారు. వాటిని కనిపెట్టుకుని ఉండే పని రేవతుడనే యువ భిక్షువుది.

పన్నెండేళ్లుగా రేవు మెట్ల మీద వరద గుర్తులు గీస్తూ వచ్చాడు రేవతుడు. వాటిని చూస్తే, ఈసారి నీళ్లు గిడ్డంగిలోకి రావడం ఖాయమనిపించింది. విత్తనమంతా కొండ మీది గుహకు చేర్చేద్దామని గురువు ధర్మనందిని అడిగాడు.

"వరద రాకపోతే?"

"వస్తుంది భంతే. నా గుర్తులు తప్పవు."

ధర్మనంది వాదించలేదు. గొర్రెల కాపరి కాటన్ననీ, కుమ్మరి నాకమ్మనీ పిలిపించి రేవతుడి పక్కన కూర్చోబెట్టాడు.

"కాటన్నా, ఈ ఏడు వానలే పడలేదనుకో. ఆ గుహ దగ్గర ఎలా ఉంటుంది?"

"గడ్డంతా ఎండిపోద్ది సామీ. ఒక్క నిప్పురవ్వ చాలు. గుహలో ఏముంటే అది వేగిపోద్ది."

"నాకమ్మా, పల్లెలో సగంమంది వలస పోయారనుకో."

"పోయేది వయసులో ఉన్నోళ్లే గదా. మిగిలేది మాలాంటి ముసలోళ్లం. కొండెక్కి విత్తనం కుండలు దించేదెవరు?"

ధర్మనంది రేవతుడి వైపు చూశాడు.

మర్నాడు ఆ ఇద్దరినీ రేవతుడే పిలిచాడు. ఏ ఆపద వస్తే ఏమవుతుందో పొద్దు వాలేదాకా ఒక్కొక్కటీ అడిగాడు. చివరికి విత్తనం మూడు వాటాలైంది. ఒకటి గుహకు. చుట్టూ గడ్డి కోయించాడు. ఒకటి ఇళ్ల అటకల మీదికి. ఒకటి కృష్ణకు అవతల, నాకమ్మ పుట్టింటివాళ్ల ఊరికి.

ఆ ఏడు వరద రాలేదు. వానలు బాగానే పడ్డాయి. ఎవరూ వలస పోలేదు. కానీ పైరు కోతకొచ్చే వేళకి ఎక్కడినుంచో ఎలుకలు దండుగా వచ్చిపడ్డాయి. చేలు ఊడ్చేశాయి. అటకలెక్కాయి. గుహలోనూ గింజ మిగల్చలేదు. ఏరు మాత్రం దాటలేకపోయాయి.

తొలకరి పడగానే రేవతుడు అవతలి ఒడ్డు నుంచి పడవలో విత్తనం కుండలు తెచ్చాడు. తక్కువే. అయినా ప్రతి గడపకీ కొంత వస్తుంది.

"మనం అనుకున్నవాటిలో ఒక్కటీ జరగలేదు భంతే," అన్నాడు చిన్నబోయి.

ధర్మనంది ఒక కుండ భుజానికెత్తుకున్నాడు.

"రెండోది నువ్వు పట్టుకో. నేల పదును మీదుంది."